మిరప బస్తా: ఒక విమర్శ

ఫిబ్రవరి, మార్చి నెలలలో గురజాల, మాచర్ల ప్రాంతముల పొలములలో ఏ వైపు చూచినను మిరప కల్లములే కనబడును. పండిన కాయను చెట్టు నుండి కోసిననాడు దానిలో నూటికి సుమారు 75 పాళ్లు నీరే. అది కల్లములో రోజుల తరబడి ఎండి, మరల మరల తిరుగవేయబడి, తాలు ఏరివేయబడి, తుదకు నూటికి 10, 11 పాళ్ల తేమకు దిగినప్పుడు గాని నిలువ సరుకు కాదు. లెక్క వేసి చూచినచో 100 కిలోల పండుకాయ ఎండి 28 కిలోలకు వచ్చును. ఇంత శ్రమతో ఎండిన కాయను రైతు ఒక గోనెసంచిలో అదిమి, మూతి కుట్టి, లారీ కెక్కించును. గుంటూరు యార్డులో ఆ బస్తాను టిక్కీ అందురు. మూతి కుట్టిన క్షణము నుండి కాయ మంచిచెడ్డలు ఎండ చేతిలో లేవు, రైతు చేతిలోను లేవు. అవి సంచి చేతిలో ఉన్నవి.

ఆ సంచి తన పనిని ఎంతవరకు చేయుచున్నది? చేయనిచో తప్పు సంచిదేనా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకినచో, ప్యాకింగునకు ఆహారనష్టమునకు గల సంబంధము చాలవరకు బోధపడును.

మాట ఒకటి, లెక్క ఒకటి

మంచి ప్యాకింగు ఉన్నచో ఆహారనష్టము తగ్గునను మాట ఇప్పుడు తరచుగా వినబడుచున్నది. మాట మంచిదే. కాని దానికి తోడుగా చెప్పబడు అంకెలలో కొన్ని నిలువవు. మన దేశములో పండిన ఆహారములో నూటికి 40 పాళ్లు నేలపాలగుచున్నదని పలువురు చెప్పుచుందురు. 2022లో వెలువడిన నాబ్కాన్స్ సర్వే ప్రకారము కోతానంతర నష్టము ధాన్యములలో నూటికి 3.89 నుండి 5.92 వరకు, పప్పుధాన్యములలో 5.65 నుండి 6.74 వరకు, కూరగాయలలో 4.87 నుండి 11.61 వరకు, పండ్లలో 6.02 నుండి 15.05 వరకు ఉన్నది. ఇది చిన్న నష్టము కాదు. కాని 40 కాదు. రోగము నెంతో పెద్దదిగా చూపినచో ఏ మందునైనను అమ్మవచ్చును. కాబట్టి మొదట రోగమును కొలుచుట అవసరము.

రెండవ పొరపాటు ఇంతకంటె సూక్ష్మమైనది. పొలము నుండి దుకాణము చేరులోపల పోవునది నష్టము. దుకాణము, హోటలు, వంటయిల్లు చేరిన తరువాత పారవేయబడునది వృథా. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2022లో ప్రపంచములో 105 కోట్ల టన్నుల ఆహారము వృథా అయినది. అందులో నూటికి 60 పాళ్లు ఇండ్లలోనే జరిగినది. నష్టమునకు కారణము తేమ, పురుగు, దెబ్బ. వృథాకు కారణము ఎక్కువగా మనిషి అలవాటు. రెండు రోగములకు ఒకే పొట్లమును మందుగా చెప్పుట వైద్యము కాదు. పలనాటి మిరపకు ముఖ్యమైనది మొదటి రోగము. కావున పరీక్ష అక్కడనే మొదలుకావలెను.

సంచికి నాలుగు పరీక్షలు

సరుకును కట్టిన ఏ వస్తువైనను నాలుగు శత్రువుల నుండి దానిని కాపాడవలెను. అవి దెబ్బ, తేమ, గాలివెలుతురులు, పురుగు. గోనెసంచిని ఈ నాలుగింటి ఎదుట వరుసగా నిలిపి చూడవచ్చును.

మొదటిది దెబ్బ. ఇందులో గోనె కొంత నెగ్గినది. జనపనార గట్టిది. బస్తా మీద బస్తా పేర్చినచో జారదు. కొక్కెము గ్రుచ్చి లాగినను నార విడివడి మరల దగ్గరపడును. ఐతే గోనె తాను చినగకుండుట వేరు, లోపలి కాయ చితుకకుండుట వేరు. నూటికి 10 పాళ్ల తేమకు ఎండిన మిరపకాయ పెళుసుగా ఉండును. మెత్తని సంచిలో అదిమినచో తొడిమ ఊడును, కాయ పగులును, గింజ రాలును. పగిలిన కాయకు ధర తగ్గును. ఈ భయముచేతనే బస్తాకు ఎత్తుటకు ముందు కాయ మీద నీళ్లు చిలుకరించు అలవాటు వచ్చినది. నీటికి కాయ మెత్తబడి అణగును, విరుగదు, పైగా బరువు తూగును. రోజుల తరబడి ఎండ తీసివేసిన తేమను ఒక్క గంటలో తిరిగి లోపలికి పంపి మూతి కుట్టుటయే ఈ పని. ఇక్కడ గోనె నేరము స్పష్టముగా ఉన్నది. గట్టి పెట్టెయైనచో పై బరువును తాను మోయును. గోనె ఆ బరువును కాయ మీదకే తోయును. అందువలననే కాయను తడుపవలసి వచ్చుచున్నది.

రెండవది తేమ. ఎండిన ఏ వస్తువైనను చుట్టునున్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకొనుచునే ఉండును. పొడిగాలిలో కోల్పోవును, ముసురులో పీల్చుకొనును. తుదకు రెండును ఒక సమస్థితికి వచ్చును. గోనె ఈ వ్యవహారమునకు అడ్డుపడదు. అదియే స్వయముగా తేమను త్రాగును. గాలిలోని తేమ నూటికి 65 పాళ్లున్నప్పుడు 100 కిలోల పొడి జనపనార దాదాపు 13.75 కిలోల నీటిని తనలో నిలుపుకొనునని నేతమిల్లులవారి ప్రమాణము. వేసవిలో ఈ గుణము మేలే చేయును. కొంచెము పచ్చిగా నున్న సరుకు సంచిలోనే మరికొంత ఆరును. వానాకాలములో అదే గుణము తిరగబడును. గాలి తేమ 65, 70 పాళ్లు దాటినచోట చాలకాలముంచిన సరుకుపై బూజు మొలకెత్తుటకు వీలు కలుగును.

మూడవది గాలివెలుతురులు. మిరపకాయ ఎరుపునకు ముఖ్యకారణము కాప్సాంథిన్ అను రంగు పదార్థము. ఇది క్యారటులోని రంగుకు చుట్టము. వెలుతురు, ప్రాణవాయువు, వేడిమి దీనిని విరిచివేయును. ఎర్రకాయ క్రమముగా ఇటుకరంగునకు, తరువాత పాలిపోయిన గోధుమరంగునకు దిగును. ఘాటు మిగిలినను రంగు పోయిన కాయకు మార్కెటులో మన్నన లేదు. గోనె కన్నులలో గాలి స్వేచ్ఛగా తిరుగును. ఈ పరీక్షలో దానికి మార్కులు లేవు.

నాలుగవది పురుగు. నిలువ మిరపను, పొగాకును సమానముగా ప్రేమించు చిన్న గోధుమరంగు పెంకుపురుగు ఒకటున్నది. దానికి సిగరెట్ బీటిల్ అని పేరు. గోనె అల్లిక దానికి తెరచిన తలుపే.

నాలుగు పరీక్షలలో ఒకదానిలో సగము మార్కులు, మిగిలిన మూడింటిలో వైఫల్యము. ఐనను గోనెను తీసిపారవేయమనుట తొందరపాటు. ఆహారధాన్యములకు నూటికి 100 పాళ్లు, పంచదారకు 20 పాళ్లు జనపనార సంచులే వాడవలెనను నిబంధన 1987 నాటి చట్టము క్రింద సాగుచు వచ్చినది. ఇది జనపనార రైతుల, మిల్లు కార్మికుల బ్రతుకు కొరకు చేసిన ఏర్పాటు. ఆ న్యాయమును ఎవరును కాదనరు. నేలలో కలిసిపోవుట జనపనారకు మరొక గుణము. కాని సంచి నేసినవారికి మేలగుట, సంచిలోని గింజకు మేలగుట రెండు వేరు ప్రశ్నలు. మొదటిదానికి సమాధానము దొరికినంత మాత్రమున రెండవదానిని విడిచిపెట్టరాదు.

కంటికి కనబడని నష్టము

రంగు పోయినచో కన్ను చూచును, పురుగు పట్టినచో చేయి చూచును. బూజు చేయు నష్టములో ఒక భాగమును కన్నుగాని ముక్కుగాని పట్టలేవు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు అకస్మాత్తుగా చనిపోయినవి. కారణము తెలియక దానిని టర్కీ ఎక్స్ రోగమనిరి. తరువాత పరిశోధించి చూడగా అవి తిన్న దాణాలో బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగపిండి ఉన్నదనియు, దానిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు ఒక విషమును వదలినదనియు తేలినది. బూజు పేరులోని అక్షరములతోనే ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి. ఇది కాలేయమును చెరచును, పుట్టకురుపునకు దారితీయును. మామూలు వంట వేడికి పూర్తిగా నశించదు.

ఈ బూజుకు మిరపకాయ కూడ ఇష్టమే. బాగుగా ఆరని కాయలో గింజల చుట్టు లోలోపల పెరిగినచో పైతోలు ఎర్రగా నిగనిగలాడుచునే ఉండవచ్చును. ఎండుమిరపలో అఫ్లటాక్సిన్ బి1 వంద కోట్ల పాళ్లలో 5 పాళ్లకు, అన్ని రకముల అఫ్లటాక్సినులు కలిసి 10 పాళ్లకు మించరాదని ఐరోపా సమాజము హద్దు పెట్టినది. అనగా ఒక టన్ను సరుకులో బి1 విషము 5 మిల్లీగ్రాములు దాటినచో ఆ సరుకు అక్కడ అమ్ముటకు పనికిరాదు. ఒక బస్తాలోని తడికాయలు కొన్ని, పొడిచేసినప్పుడు, రాశి నంతటిని చెరుపగలవు. ఆహారనష్టము లెక్కలో తినుటకు పనికిరాకపోయినది మాత్రమే కాదు, తినరానిదైనను తినబడుచున్నది కూడ చేరవలెను. ఈ రెండవ భాగము ఏ తూకములోను కనబడదు.

గాలి చొరని సంచి

గోనె విఫలమైనచో గాలి, తేమ చొరని ప్లాస్టిక్ పొరను లోపల తొడిగినచో సరిపోదా? చూచుటకు ఇది తిన్నని దారి. నడచుటకు మాత్రము జాగ్రత్త కావలెను. గాలి చొరని పొర వెలుపలి తేమను లోనికి రానీయదు. లోపలి తేమను వెలుపలికి పోనీయదు. నూటికి 15 పాళ్ల తేమతో కాయను నింపి మూతి బిగించినచో పగటి వేడికి ఆ నీరు ఆవిరియై, రాత్రి చల్లదనమునకు పొర లోపలి వైపున చెమ్మగా దిగును. చెమ్మ దిగిన చోట బూజు బయలుదేరును. గోనె మూర్ఖపు కావలివాడైనచో ప్లాస్టిక్ పొర ముక్కుసూటి కావలివాడు. దొంగ లోపలనే ఉన్నాడని దానికి తెలియదు.

ఎండిన గింజ విషయములో ఇదే పొర అద్భుతము చేయును. 1980వ దశకము చివర కామెరూనులో అలసందల నిలువ కొరకు అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు మూడు పొరల సంచి నొకదానిని రూపొందించిరి. దట్టమైన పాలిథీన్ పొరలు రెండు లోపల, అల్లిన ప్లాస్టిక్ సంచి పైన. లోపల చిక్కిన పురుగులు ఉన్న ప్రాణవాయువును తామే పీల్చి వాడివేయును, బొగ్గుపులుసు గాలి పెరుగును, పురుగులు తిండి మాని చచ్చును. మందు చల్లనక్కర లేదు. కంది, పెసర, శనగ గింజలను తొలిచి పుచ్చు పట్టించు పురుగునకు ఇది చక్కని విరుగుడు. షరతు ఒక్కటే. గింజ ముందే ఎండియుండవలెను.

ఈ సూత్రము పలనాటికి కొత్తది కాదు. శ్రీనాథుని నాటికే జొన్నకు పేరుపడిన ఈ సీమలో జొన్నలను పాతరలలో దాచెడివారు. నేలలో గొయ్యి త్రవ్వి, వరిగడ్డి పరచి, ఎండిన గింజ పోసి, పైన గడ్డి కప్పి మట్టితో మూసెడివారు. గింజ శ్వాసతోనే లోపలి ప్రాణవాయువు ఖర్చయి పురుగు చచ్చెడిది. పాతర తెరచిన వెంటనే మనిషి లోనికి దిగరాదనుట కూడ ఇందువలననే. అంచులలోని గింజ కొంత నల్లబడి వాసన పట్టుట పాతరలోని లోపము. నేల చెమ్మను ఆపగల పొర ఆనాడు లేదు. ఇంటిలోని ఊరగాయ జాడీ ఇంకొక పాఠము. పింగాణీ వెలుతురును ఆపును, పైకి తేలిన నూనె గాలిని ఆపును, ఉప్పు బూజును ఆపును. తడిచేయి పెట్టరాదన్న అవ్వ మాటలో తేమశాస్త్రమంతయు ఉన్నది. పాతర, జాడీ, మూడు పొరల సంచి మూడును ఒకే మాట చెప్పుచున్నవి. పాత్ర మంచిని పుట్టించదు, ఉన్న మంచిని నిలుపును.

శీతల గిడ్డంగి గుమ్మములో

ధర పడినప్పుడు సరుకును శీతల గిడ్డంగిలో పెట్టుట గుంటూరు, పలనాడు జిల్లాల రైతులకు, వర్తకులకు అలవాటే. చల్లదనములో రంగు నిలుచును, పురుగు పెరుగదు. ఇక్కడ సంచికి మరొక పరీక్ష ఉన్నది. అది గిడ్డంగి లోపల కాదు, గుమ్మము వద్ద. మే నెలలో చల్లని బస్తాను ఒక్కసారిగా వేడిగాలిలోనికి తెచ్చినచో మంచినీటి చెంబుకు చెమటపట్టినట్లు కాయ మీద నీరు దిగును. నెలల తరబడి నిలిచిన మేలును ఆ పూట తడి చెరుపగలదు. లోపల గాలి చొరని పొరయున్నచో ఆ తడి పొర వెలుపలనే ఆగును. లేనిచో బస్తాను మధ్యస్థమైన వేడిగల గదిలో ఉంచి, మెల్లగా వేడెక్కిన తరువాతనే విప్పవలెను. రెండింటికిని పెద్ద ఖర్చు లేదు, ఓపిక మాత్రము కావలెను.

దోసకాయకు తొడుగు

ఒకే తొడుగు ఒకచోట మేలు, మరొకచోట కీడు అగునని చూపుటకు దేశాంతర ఉదాహరణము ఒకటి చాలును. స్పెయిన్ నుండి స్విట్జర్లండునకు పోవు దోసకాయల ప్లాస్టిక్ తొడుగును అక్కడి ఎంపా పరిశోధనాసంస్థ పరీక్షించినది. తొడుగు వలన పర్యావరణమునకు కలుగు కీడుకంటె, కాయ చెడకుండుట వలన కలుగు మేలు 4.9 రెట్లు ఎక్కువని తేలినది. ఇంగ్లండులోని రాప్ సంస్థ 2022లో ఆపిలు, అరటి, బ్రోకలీ, దోస, బంగాళదుంప అను ఐదింటిని పరీక్షించి దాదాపు విపరీతమైన తీర్పు చెప్పినది. తొడుగు వాటి ఆయువును అంతగా పెంచుట లేదు, పైగా కొనువానిచేత అవసరమునకు మించి కొనిపించుచున్నది, విడిగా అమ్మినచో ఏటా లక్ష టన్నుల ఆహారము వృథా కాకుండునని వారి అంచనా. రెండును నిజమే కావచ్చును. మొదటిది దూరప్రయాణము లెక్క, రెండవది వంటయింటి లెక్క.

నరసరావుపేట సంతకు ప్రక్క ఊరి నుండి ఉదయము వచ్చిన దోసకాయకు తొడుగెందుకు? దానికి కావలసినది నీడ, దెబ్బ తగులని బుట్ట. అదే పట్టణములో అమ్మబడు కారపు పొట్లమునకు మాత్రము పొర కావలెను. పొడిచేసిన కారమునకు గాలి తగులు ఉపరితలము ఎన్నోరెట్లు పెరుగును, రంగు త్వరగా దిగును. ఐతే ప్లాస్టిక్, అల్యూమినియము కలిపి అతికించిన ఆ పొరలను తిరిగి విడదీయుట కష్టము. పొట్లము చిన్నదైనకొలది కారము తాజాగా ఉండును, చెత్త పెరుగును. ఈ బేరములో ఏ వైపు మొగ్గవలెనో సరుకును బట్టి, దూరమును బట్టి, ఇంటిని బట్టి తేల్చవలెను. అన్నింటికి ఒకే తీర్పు లేదు.

తేమకు వెల

ఇక తిరిగి కల్లమునకు రావలెను. ఎండిన కాయనే నింపవలెనని శాస్త్రము చెప్పుచున్నది. రైతునకు ఇది తెలియదా? తెలియును. ఐనను పచ్చిగా నింపుట ఏల జరుగుచున్నది? ఒక చిన్న లెక్క దీనికి సమాధానము చెప్పును.

నూటికి 10 పాళ్ల తేమకు ఎండిన 100 కిలోల మిరపలో 90 కిలోలు అసలు సరుకు. అదే సరుకు 14 పాళ్ల తేమతో ఉన్నచో 104.65 కిలోలు తూగును. ఎక్కువైనదంతయు నీరే. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు ధర ప్రకటించినది. ఆ ధరతో లెక్కించినచో ఆ 4.65 కిలోల నీటి ఖరీదు దాదాపు 548 రూపాయలు. అనగా ధరలో తేడా లేనప్పుడు, కాయను చక్కగా ఎండబెట్టిన రైతు ప్రతి క్వింటాలుకు 548 రూపాయలు జరిమానా కట్టినట్లు. ఎండించుటకు పట్టిన అదనపు రోజులు, కూలి, వానభయము దీనికి వేరు. తడికాయకు కొంత ధర తగ్గించుదురన్న మాట నిజమే. కాని ఆ తగ్గింపు చేతి పట్టును బట్టి, కాయ గలగలను బట్టి వేయు అంచనా. 11 పాళ్లకు, 13 పాళ్లకు గల తేడాను ఏ చేయియు చెప్పలేదు. తేమను కొలుచు పరికరము చెప్పగలదు.

ప్యాకింగు గురించిన ప్రచారములోని అసలు లోపము ఇక్కడ బయటపడుచున్నది. అది సంచిని చూపుచున్నది, సంచి మూతి కుట్టుటకు ముందున్న కాటాను చూపుట లేదు. నీటికి మిరప ధర పలుకుచున్నంతకాలము ఎంత ఖరీదైన సంచినిచ్చినను దానిలో నీరే దాచబడును. పొర ఎంత మంచిదైనచో లోపలి చెడుగు అంత భద్రముగా ఉండును.

తీర్పు

గోనెసంచి దోషి, కాని ఏకైక దోషి కాదు. మొదటి మందు కల్లములో ఉన్నది. నేల మీద కాక పట్టల మీద, వీలున్నచోట సోలార్ డ్రయ్యర్లలో ఆరబెట్టుట, మంచు పడు వేళ కప్పుట, తాలు వేరుచేయుట. రెండవది కాటా వద్ద ఉన్నది. తేమను పరికరముతో కొలిచి, 10 పాళ్లకు ఎండిన కాయకు ఆ మేరకు ఎక్కువ ధర వ్రాయుట. మూడవది సంచిలో ఉన్నది. ఎక్కువకాలము నిలువయుంచు సరుకునకు లోపలి పొరగల సంచి, దూరము పోవు మేలిరకమునకు కాయ విరుగని గట్టి పెట్టె, వారములోనే మిల్లుకు పోవునదానికి శుభ్రమైన గోనె. యడ్లపాడు మండలములోని వంకాయలపాడు వద్ద స్పైసెస్ బోర్డు నెలకొల్పిన సుగంధద్రవ్యముల పార్కు జిల్లాలోనే ఉన్నది. 2022లో నరసరావుపేట కేంద్రముగా ఏర్పడిన ఈ జిల్లాకు వేరుచోట పాఠము నేర్చుకొనవలసిన అవసరము లేదు.

ఈ వరుసను తలక్రిందులు చేసి మూడవదానితో మొదలుపెట్టినచో చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లగును. ఊరగాయ పెట్టు ఇల్లాలు ముందు ముక్కను తుడిచి ఆరబెట్టును, తరువాత ఉప్పు కొలుచును, చివరకు జాడీ మూత బిగించును. మిరప బస్తాకు కావలసిన శాస్త్రము ఆ వరుసలోనే ఉన్నది.